పల్లె తల్లి నొసటి బొట్టే ఆ బొమ్మకు పెట్టుబడి

సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల: నొసట రూపాయి బిళ్లంత ఎర్రటి బొట్టు. ముక్కుకు ముక్కుపుడక, మెడలో పూసల పేరు. నల్లని ఒంటికి నిప్పులాంటి ఎర్ర చీర, పసుపుపచ్చ రవిక. సిగలో పువ్వు. అంగడి నాడు సిరిసిల్ల బస్టాండులోనో, జగిత్యాల గంజిలోనో, కోరుట్ల బజారులోనో నిలబడితే ఇలాంటి తల్లులు పదిమంది ఎదురవుతారు. వారిని ఎవరూ ఆగి చూడరు.

ఇదే తల్లి ఢిల్లీ, బొంబాయి నగరాల చిత్ర ప్రదర్శనల్లో గోడమీద కనబడితే జనం ఆగి చూస్తున్నారు. లక్షలు పోసి కొని ఇంట్లో పెట్టుకుంటున్నారు. ఆ బొమ్మ గీసిన చేయి పరాయిది కాదు. ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోని బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం గీసినదే.

ఈ సంగతి ఇప్పుడు చెప్పుకోవడానికి కారణం ఉంది. ఈ మూడు పట్టణాల్లోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ బొమ్మలు వేసే పిల్లలకు కొదవ లేదు. నోటుబుక్కు వెనుక పేజీలో గీసేవారు, బడి గోడమీద బొగ్గుతో గీసేవారు, సెల్‌ఫోను తెరమీద వేలితో గీసేవారు ఉన్నారు. వారికి రెండు చిక్కులు. ఒకటి, ఏం గీయాలో తెలియదు. సినిమా నటుడి ఫొటోనో, క్యాలెండరు మీది లక్ష్మీదేవినో చూసి దింపుతారు. రెండోది, ఇంట్లో తండ్రి అడిగే మాట. “బొమ్మలు కూడు పెడతాయా?” అని.

ఈ రెండింటికీ జవాబు ఈ నేలమీదే దొరుకుతుంది.

బూరుగుపల్లి నుంచి బరోడా దాకా

వైకుంఠం చిన్ననాడు ఊరికి ఆటగాళ్ళ మేళాలు వచ్చేవి. గ్యాసు బత్తీల వెలుగులో తెల్లవార్లూ ఆట సాగేది. ఆ ఆటల్లో ఆడవేషం మగవాళ్ళే కట్టేవారు. ముఖానికి రంగు, నొసట పెద్ద బొట్టు, కళ్ళకు కాటుక, ఒంటినిండా నగలు. మగమనిషి ఆడమనిషిగా మారిపోయే ఆ వింత పసివాడి కళ్ళలో నిలిచిపోయింది. తన బొమ్మల్లోని ఆడవాళ్ళకు మూలం ఆ వేషాల మీద తనకున్న మోజేనని పెద్దయ్యాక ఆయన చెప్పుకున్నారు.

హైదరాబాదు లలితకళల కళాశాలలో చదువు అయ్యాక, ఆంధ్రప్రదేశ్ లలితకళా అకాడమీ ఇచ్చిన ఉపకార వేతనంతో ఆయన బరోడా వెళ్ళారు. అక్కడి విశ్వవిద్యాలయంలో కె.జి. సుబ్రమణ్యన్ వద్ద శిష్యరికం చేశారు. సుబ్రమణ్యన్ దేశమంతా పేరున్న చిత్రకారుడు. మట్టి బొమ్మలు, గుడ్డ బొమ్మలు, జాతరలో అమ్మే ఆటవస్తువులు, ఇవన్నీ చిత్రకారుడికి పాఠాలేనని నమ్మినవారు. అటువంటి గురువు వద్ద చేరిన పల్లెటూరి యువకుడికి తన పల్లెటూరితనం తప్పుగా తోచవలసిన పని లేకపోయింది.

తిరిగివచ్చిన వైకుంఠం తన ఊరి మనుషులనే గీయసాగారు. నీళ్ళకు పోయే ఆడవాళ్ళు, చిలకను చేతిమీద పెట్టుకున్న పడతి, నామాలు పెట్టుకున్న అయ్యవారు, తలపాగా చుట్టుకున్న రైతు. వారి ఒంటిరంగును ఆయన తెల్లబరచలేదు. చీరల రంగులను మెత్తబరచలేదు. కుంకుమ ఎరుపు, పసుపు, కాషాయం, ఆకుపచ్చ ఎంత గాఢంగా ఉంటాయో అంత గాఢంగానే వేశారు. చూడగానే ఇది వైకుంఠం బొమ్మ అని చెప్పగలిగే గుర్తు దానితోనే వచ్చింది.

అయితే పేరు ఒక్కనాడు రాలేదు. చిత్రకళకు జాతీయ పురస్కారం అందినది 1993లో. అప్పటికి ఆయన వయసు 51 ఏళ్ళు. బొమ్మలు కూడు పెడతాయా అని అడిగే తండ్రి ఈ లెక్క కూడా తెలుసుకోవాలి. బొమ్మ అన్నం పెట్టవచ్చు, కాని ఆలస్యంగా పెడుతుంది. ఆలోపు బతకడానికి మరో పని చేతిలో ఉండక తప్పదు.

గడీ లోపలి సంగతులు

వైకుంఠానికి తొలి జాతీయ పురస్కారం వచ్చింది బొమ్మకు కాదు, సినిమాకు. బి. నర్సింగరావు తీసిన ‘దాసి’ చిత్రం 1988 నాటిది. తెలంగాణ గడీలో దొర చేతికింద దాసిగా బతికిన ఆడమనిషి కథ. ఆ చిత్రానికి కళా దర్శకుడు వైకుంఠం. గడీలో ఏ గది ఎలా ఉంటుంది, ఏ మూల ఏ గిన్నె ఉంటుంది, దాసి పడుకునే చోట ఏ బొంత ఉంటుంది అన్నది చూపడం కళా దర్శకుడి పని. పుస్తకాలు చదివి తెలుసుకునే సంగతులు కావివి. చూసి గుర్తుంచుకున్నవాడే చెప్పగలడు. ఆ ఏటి జాతీయ పురస్కారాల్లో ‘దాసి’కి అయిదు వచ్చాయి. అందులో కళా దర్శకత్వానికి వచ్చినది ఒకటి.

గడీల కాలం పోయింది. గడీలు చాలాచోట్ల కూలిపోయాయి, కొన్ని బడులయ్యాయి. వాటి లోపలి బతుకు చూసినవారు కూడా ఒక్కొక్కరే పోతున్నారు. ఒక చిత్రకారుడి జ్ఞాపకం వల్ల అందులో కొంత తెరమీద మిగిలింది.

కులానికి ఒక పటం

తమ పుట్టుక ఏమిటి, తమ పెద్దలెవరు అని బొమ్మల్లో చెప్పుకోవడం తెలంగాణకు కొత్తకాదు. ఒకప్పుడు పల్లెల్లో ప్రతి కులానికీ ఒక పటం, ఆ పటం చూపి కథ చెప్పే ఆశ్రిత కులం ఒకటి ఉండేవి. పద్మశాలీలకు కూనపులివారు, చాకలివారికి పటంవారు, ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు డక్కలివారు, మంగలివారికి అద్దపుసింగులు. ఏడాదికో, రెండేళ్ళకో ఒకసారి వచ్చి, ఊరి నడుమ పటం కట్టి, రాత్రుళ్ళు కథ చెప్పేవారు. కులపెద్దలు వారికి గింజలు, గుడ్డలు, రూకలు ఇచ్చి పంపేవారు. ఏ ఊరు ఎవరి వంతన్నది తరతరాలుగా ఉన్న కట్టుబాటు.

సిరిసిల్ల నేతగాళ్ళ ఇళ్ళల్లో పెద్దలకు ఈ కథ ఎరుకే. మార్కండేయుని వంశంలో పుట్టిన భావనారుషి తామర తూండ్ల దారం తీసి దేవతలకు బట్ట నేయడం, పులినెక్కి తిరగడం, సూర్యుని బిడ్డ భద్రావతిని పెండ్లాడడం, అన్నీ ఆ పటంమీద వరుసగా ఉండేవి. చదువురాని నేతగాడు సైతం తన కులం పుట్టుకను కళ్ళతో చదువుకునేవాడు.

ఈ పటాలు వేసినవారు నకాషీలు. వీరి ఊరు చేర్యాల. వెనుక వరంగల్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది. ఖాదీ గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమన్ను, జిగురు కలిపి పూతలు పూస్తారు. ఆరిన గుడ్డమీద కుంచెతో గీత గీసి రంగు నింపుతారు. వెనుక భాగమంతా ఎర్రరంగు. పటం పొడుగు పదుల అడుగులు. కథకుడు దాన్ని చుట్ట విప్పినట్టు విప్పుతూ, ఒక్కొక్క గడినీ కర్రతో చూపిస్తూ కథ నడిపేవాడు. పటం పాతబడి చినిగితే పారేసేవారు కాదు. చనిపోయిన మనిషిని సాగనంపినట్టు పూజచేసి నదిలో విడిచేవారు.

సినిమా వచ్చింది, టీవీ వచ్చింది, ఇప్పుడు సెల్‌ఫోను వచ్చింది. రాత్రంతా కూర్చుని పటం కథ వినేవారు తగ్గిపోయారు. కథకుల పిల్లలు కూలికి, పట్నాలకు పోయారు. పటం అడిగేవారు లేక నకాషీలు చిన్నచిన్న బొమ్మలు, మాస్కులు చేసి పట్నంలో అమ్ముకుంటున్నారు. చేర్యాల బొమ్మకు భౌగోళిక గుర్తింపు దక్కింది. దేశ విదేశాల మ్యూజియముల్లో పాత పటాలు భద్రంగా ఉన్నాయి. కాని ఆ పని చేసే కుటుంబాలు చేతివేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే మిగిలాయి. పటం మ్యూజియంలో ఉన్నా దాన్ని చూపి చెప్పే గొంతు ఊళ్ళో లేకపోతే సగం కథ పోయినట్టే.

సాంచాల చప్పుడులో మగ్గం

సిరిసిల్లలో పొద్దున లేస్తే వినబడేది సాంచాల చప్పుడు. చేతిమగ్గాలు ఉన్న ఇళ్ళు ఈనాడు అరుదు. ఊరంతా మరమగ్గాల మీదే బతుకుతోంది. ఆర్డరు ఉంటే పని, లేకుంటే పస్తు. పని లేని రోజులు, అప్పులు కలిసి ఈ ఊళ్ళో ఎన్ని ఇళ్ళను కూల్చాయో చెప్పనవసరం లేదు.

ఆ ఊళ్ళోనే కొందరు నేతగాళ్ళు చేతిపనిని వదలలేదు. నల్ల పరంధాములు అగ్గిపెట్టెలో ఇమిడే చీర నేసి పేరు తెచ్చుకున్నారు. ఆయన కొడుకు నల్ల విజయ్ ఆ విద్యను అందిపుచ్చుకున్నారు. వెల్ది హరిప్రసాద్ అనే మరో నేతగాడు జీ-20 దేశాల కూటమి చిహ్నాన్ని చేతిమగ్గం మీద గుడ్డలో నేసి ప్రధానమంత్రికి పంపారు. 2022 నవంబరులో ప్రధాని రేడియో ప్రసంగంలో ఆ నేత ప్రస్తావన రావడంతో సిరిసిల్ల పేరు దేశమంతా వినబడింది.

గుడ్డమీద బొమ్మ నేయడం కాగితం మీద గీసినట్టు కాదు. గీత తప్పితే చెరిపేది లేదు. ఏ పోగు ఎక్కడ లేవాలో, ఏ రంగు దారం ఎక్కడ దాటాలో ముందే లెక్క కట్టుకోవాలి. ఆ లెక్కే నేతగాడి చదువు. అయితే ఒక సంగతి ఆలోచించవలసి ఉంది. అగ్గిపెట్టెలో చీర ఇమిడించిన చేయి, ప్రపంచ దేశాల చిహ్నాన్ని నేసిన చేయి, తన ఊరి భావనారుషి కథను, తన తండ్రి మగ్గం గుంటలో కూర్చున్న రూపును గుడ్డమీద నేస్తే ఎలా ఉంటుంది? సిరిసిల్ల పిల్లలు అందుకోదగిన పని ఇది.

చేనేత బతుకును కాన్వాసు మీదికి తెచ్చినవారు తెలంగాణలో ఉన్నారు. యాదాద్రి భువనగిరి జిల్లా కదిరేనిగూడెం నుంచి వచ్చిన ఏలె లక్ష్మణ్ నేత కుటుంబంలో పుట్టినవారు. తన ఊరి మనుషుల ముఖాలను, నేతగాళ్ళను గీసి పేరు పొందారు. 2014లో ఏర్పడిన తెలంగాణ రాష్ట్రానికి అధికార చిహ్నాన్ని రూపొందించింది కూడా ఆయనే.

అన్నకోసం గుట్టమీద బొమ్మలు

కరీంనగర్ నుంచి జగిత్యాల పోయే తోవలో గంగాధర మండలం ఉంది. అక్కడి కురిక్యాల దగ్గర ఒక గుట్ట. దాన్ని జనం బొమ్మలమ్మ గుట్ట అంటారు. బండమీద జైన తీర్థంకరుల రూపాలు, చక్రేశ్వరీ దేవి రూపం చెక్కి ఉన్నాయి. వాటికింద ఒక శాసనం ఉంది. క్రీస్తుశకం 945 ప్రాంతం నాటిది. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లోనూ ఉంది. తెలుగులో కందపద్యాలున్నందున తెలుగుకు 2008లో ప్రాచీన భాష హోదా వచ్చే వేళ ఈ శాసనం పెద్ద సాక్ష్యంగా నిలిచింది.

దీన్ని వేయించినవాడు జినవల్లభుడు. ఈయన అన్న పంపకవి. వేములవాడ చాళుక్య రాజు రెండవ అరికేసరి ఆస్థానంలో ఉండి కన్నడంలో కావ్యాలు రాసి ఆదికవి అనిపించుకున్నవాడు. తమ్ముడు తాము కొలిచే దేవతల రూపాలు కొండమీద చెక్కించి, తమ వంశం గురించి, అన్న గొప్పతనం గురించి రాయించాడు. వేయి సంవత్సరాలు దాటాయి. రాజు పోయాడు, రాజ్యం పోయింది. అన్నమీద తమ్ముడికి ఉన్న ప్రేమ ఆ బండమీద ఇంకా ఉంది. దానిని ఎవరూ మరిచిపోకుండా కాచింది బొమ్మలే. శాసనం చదవలేని పల్లె ప్రజలు కూడా దేవిని బొమ్మలమ్మ అని పిలిచి గుట్టకే ఆ పేరు పెట్టుకున్నారు.

కుంచె పోయి ఫ్లెక్సీ వచ్చె

జగిత్యాల, కోరుట్ల వీధుల్లో ఒకప్పుడు దుకాణం పేరు రాయాలన్నా, ఎన్నికల గుర్తు వేయాలన్నా కుంచె పట్టిన ఆర్టిస్టు రావలసిందే. పెండ్లి ఇంటికి సున్నం వేశాక, గుమ్మానికి ఇరుపక్కలా బొమ్మలు గీసి, పెండ్లికొడుకు పెండ్లికూతురు పేర్లు రాసేవాడూ ఆయనే. ఎక్కడా నేర్వని చదువు, చూసి చూసి అబ్బిన చేతివాటం. ఫ్లెక్సీలు వచ్చినాక వారి పని పోయింది. గంటలో అచ్చయి వచ్చే గుడ్డముందు కుంచె నిలబడలేదు. కొందరు గోడలకు రంగులు వేసే కూలికి మళ్ళారు. కొందరు గల్ఫ్ బాట పట్టారు.

గల్ఫ్ సంగతి ఈ ప్రాంతంలో ఏ ఇంటికి పోయినా వినబడుతుంది. దుబాయిలోనో, మస్కట్‌లోనో ఉన్న కొడుకు ఫొటో గోడకు వేలాడుతుంది. పక్కనే దండ వేసిన తాత ఫొటో. రెండింటి నడుమ క్యాలెండరు. వాకిట్లో కోడలు వేసిన ముగ్గు. దసరా ముందు పేర్చే బతుకమ్మ. శ్రావణంలో బోనం కుండకు పెట్టే పసుపు కుంకుమ. ఈ ఇంట్లో పుట్టిన పిల్లవాడు బొమ్మ గీయాలనుకుంటే సరుకు కోసం బయటికి పోనవసరం లేదు. తండ్రి లేని ఇంట్లో తండ్రి చెప్పులు ఎక్కడుంటాయో ఆ పిల్లవాడికి తెలుసు. ఏడాదికోసారి వచ్చే తండ్రి పెట్టె విప్పేటప్పుడు ఇంటివారి ముఖాలు ఎలా ఉంటాయో తెలుసు. అది పట్నం చిత్రకారుడికి తెలియదు.

దేశ విదేశాల్లో నేటి యువ చిత్రకారులు చేస్తున్నది ఇదే. అమ్మమ్మ చీర, పాత ఫొటో, వదిలివచ్చిన ఇల్లు, ఇవే వారికి వస్తువులు. తామెవరు, ఎక్కడివారు, తమకు ఎవరేమవుతారు అన్నది బొమ్మల్లో వెతుక్కుంటున్నారు. కూనపులివారి పటం చేసినదీ, బొమ్మలమ్మ గుట్ట చేసినదీ అదే పని.

చదువు ఎక్కడ?

బొమ్మలు నేర్వాలనుకునే పిల్లలకు దారి లేకపోలేదు. ఇంటర్మీడియట్ అయ్యాక హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ప్రవేశ పరీక్ష రాసి చిత్రకళ, శిల్పం, ఫొటోగ్రఫీ వంటి కోర్సుల్లో చేరవచ్చు. డిగ్రీ నాలుగేళ్ళు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఆపై చదువు ఉంది. అంతదూరం పోలేనివారికి ప్రభుత్వ పరీక్షల విభాగం జరిపే డ్రాయింగు లోయర్, హయ్యర్ పరీక్షలు ఉన్నాయి.

అసలు కొరత బడిలో ఉంది. డ్రాయింగు మాస్టరు లేని బడులున్నాయి. డ్రాయింగు పీరియడు ఉన్నచోట దాన్ని లెక్కలకో, ఇంగ్లీషుకో వాడుకోవడం మామూలైపోయింది. పిల్లవాడి చేతిలో ఉన్న విద్య పదో తరగతి దాకా ఎవరి కంటా పడదు. తరువాత ఆలస్యమవుతుంది.

1915లో కరీంనగర్ జిల్లా అన్నవరంలో పుట్టిన పి.టి. రెడ్డి నిజాం కాలంలోనే బొంబాయి జె.జె. కళాశాలకు పోయి చదువుకున్నారు. 1996లో కన్నుమూసేదాకా కుంచె వదలలేదు. ఆ తరువాతి తరంలో వైకుంఠం బరోడా పోయారు. రోడ్లు సరిగా లేని రోజుల్లో పోయిన దూరం ఈనాటి పిల్లలకు పెద్దది కాదు. వెనుక నిలబడే తల్లిదండ్రి, చేయి చూసి గుర్తుపట్టే పంతులు ఉంటే చాలు.

ఇప్పుడు కాకుంటే ఎప్పుడు?

అధికారులు, ప్రజాప్రతినిధులు చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. ప్రతి ఉన్నత పాఠశాలలో డ్రాయింగు మాస్టరును నియమించాలి. జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడింది 2016లో. ఈ జిల్లా కేంద్రాల్లో పిల్లలు తమ బొమ్మలు పెట్టి చూపుకోవడానికి ఒక గది ఇవ్వాలి. కూనపులి, డక్కలి కథకుల్లో మిగిలినవారిని పిలిచి బడుల్లో పటం కథ చెప్పించాలి. పాత పటం ఏ ఇంట్లోనైనా ఉంటే పాతసామాను వానికి అమ్మకుండా చూడాలి.

సర్కారు చేసేదాకా ఆగనక్కరలేని పని కూడా ఒకటి ఉంది. ప్రతి ఇంట్లో ముసలి అవ్వ ఉంటుంది. ఆమె చేతిమీది పచ్చబొట్టు, కాలి కడియాల మచ్చ, ఆమె చీర కట్టే తీరు ఆమెతోనే పోతాయి. బొమ్మలు వేసే పిల్ల ఇంట్లో ఉంటే, ఈ ఆదివారం ఆ అవ్వను వాకిట్లో వేపచెట్టు నీడన మంచంమీద కూర్చోబెట్టాలి. పిల్లకు ఒక కాగితం, ఒక పెన్సిలు ఇవ్వాలి. మొదటి బొమ్మ బాగా రాకపోవచ్చు. పదోది వస్తుంది. అప్పటికి అవ్వ ఉండాలి.